ఇడువ్ కాకా

మా కామాటిపుర కుర్రాళ్లు ఆదివారం పొద్దున పార్కులో ఫుట్‌బాల్ ఆడేటప్పుడు హిందీలో అరుచుకుంటారు. "పాస్ దే", "పీఛే దేఖ్", "ఛోడ్". మేం ఆడిన రోజుల్లో తెలుగులో అరిచేవాళ్లం. అది భాష మీద ప్రేమతో కాదు. చుట్టుపక్కల గల్లీల జట్లకు తెలుగు రాదు. బంతి ఎవరికి ఇవ్వబోతున్నామో, ఎటు తిరగబోతున్నామో వాళ్లకు తెలియకుండా ఉండటానికి అది మాకు పుట్టుకతో దొరికిన ఉపాయం. "ఎన్కకెయ్", "మల్లు", "నాదే", "ఇడువు". ఇంట్లో సగం మరాఠీ కలిపి మాట్లాడేవాళ్లం కూడా పార్కులో అడుగు పెట్టగానే మా తాతలు వదిలొచ్చిన పాలమూరు నుంచి నిన్ననే బస్సు దిగినట్టు మాట్లాడేవాళ్లం.

ఆ మాటల్లో "ఇడువు" ముఖ్యమైనది. విడువు అన్నదాన్ని మావాళ్లు అలా అంటారు. ఒకే బంతి మీదికి మావాళ్లిద్దరు పోతున్నప్పుడు ఒకడు రెండోవాడికి చెప్పే మాట అది. నువ్వు వదిలెయ్, నేను చూసుకుంటాను అని. ఆ మాట చెవిన పడ్డాక ఆలోచించకూడదు. ఎత్తిన చెయ్యి దించాలి, చాపిన కాలు వెనక్కి తీసుకోవాలి. అన్నవాడి మీద నమ్మకం తప్ప దానికి ఇంకే ఆధారమూ లేదు.

నేను ఒకసారి ఆ మాట అని, అనలేదన్నాను.

నా స్నేహితుడి పేరు ఇక్కడ రాయడం లేదు. అతని పేరు విషయంలో నేను చేసింది చాలు. మా ఇద్దరి ఇళ్లూ, ఒంటిగదుల వరసలున్న ఒకే చాల్‌లో, ఒకే వరండా మీద ఉండేవి. మధ్యలో మూడు తలుపులు. అతను ఇళ్లకు రంగులు వేసేవాడు. ఎంత రుద్దుకున్నా మోచేతుల దగ్గర ఏదో ఒక రంగు మిగిలే ఉండేది. దాన్నిబట్టి ఆ వారం ఏ ఇల్లు అయిందో చెప్పేవాళ్లం. నేను ఫోర్టు ఏరియాలో ఒక పాత ఆఫీసుల బిల్డింగులో లిఫ్ట్ నడిపేవాణ్ణి. ఇప్పటికీ అదే పని. జట్టులో అతను గోల్‌కీపర్. నేను అతని ముందు నిలబడే బ్యాక్‌ను. అతను పెద్దగా మాట్లాడేవాడు కాదు. బంతి పట్టుకున్నప్పుడు కూడా, ఎవరో ఇచ్చిన సామాను అందుకున్నట్టు మామూలుగా పట్టుకునేవాడు.

మాకు ఇరవై ఆరేళ్ల వయసులో ఒక ఆదివారం, ఫాక్‌లాండ్ రోడ్ అవతలి కుర్రాళ్లతో ఆట పెట్టుకున్నాం. పోటీ ఏమీ కాదు. ఓడినవాళ్లు గెలిచినవాళ్లకు చాయ్ తాగించాలి, అంతే. ఆట చివరికి వచ్చింది. రెండు వైపులా రెండేసి గోల్సు ఉన్నాయి. అవతలి జట్టువాడు దూరం నుంచి ఎత్తుగా కొట్టిన బంతి మా గోల్ వైపు వస్తోంది. నా స్నేహితుడు ముందుకు వచ్చి చేతులు ఎత్తాడు. అది అతని బంతి. అందులో ఏ అనుమానమూ లేదు. కానీ ఆ రోజు మా గల్లీ జనం పార్కు గోడ మీద వరసగా కూర్చుని ఉన్నారు. తలతో ఆ బంతిని వెనక్కి కొడితే వాళ్లు ఎలా అరుస్తారో నాకు ముందే వినిపించింది. అతనికి అడ్డంగా పరిగెత్తుతూ "ఇడువు" అన్నాను.

అతను చేతులు దించేశాడు. ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. బంతి నా తలకు జానెడు పైనుంచి పోయి, ఒకసారి నేల మీద పడి లేచి, గోల్‌లోకి వెళ్లింది.

మావాళ్లు మైదానం మధ్యలో ఉన్నారు. వాళ్లకు "ఇడువు" అన్న అరుపు వినిపించింది గానీ ఎవరి నోటి నుంచి వచ్చిందో తెలియలేదు. ఒకడు పరిగెత్తుకొచ్చి అడిగాడు. "ఎవడన్నడు రా, ఇడువని?"

"నేను అనలె," అన్నాను. అక్కడితో ఆగి ఉంటే ఏమయ్యేదో. ఆగలేదు. "వాడే అన్నడు. నన్ను ఇడువుమని వాడే ఇడిసిండు." అని నవ్వాను.

అందరూ నవ్వారు. అతను నావైపు చూశాడు. "నేను అనలె," అన్నాడు ఒకే ఒకసారి. ఇద్దరూ అనలేదంటున్నప్పుడు జనం ముందుగా నవ్వినవాడిని నమ్ముతారు. నేనే ముందు నవ్వాను.

ఆ సాయంత్రానికల్లా గల్లీలో అతని పేరు ఇడువు అయింది. చాయ్ దుకాణం దగ్గర అతను గ్లాసు అందుకోబోతే "ఇడువు, ఇడువు" అనేవారు. నిచ్చెన భుజాన వేసుకుని పనికి పోతుంటే అదే. కొన్నాళ్లకు నవ్వు పోయి పేరు మిగిలింది. అతని పెళ్లిలో, వర్లి నుంచి వచ్చిన ఆడపిల్లవాళ్ల ముందు, అతను ఆ అమ్మాయి చెయ్యి పట్టుకున్నప్పుడు వెనక నుంచి ఎవడో "ఇడువు" అని అరిచాడు. ఆలిని ఇడిచిపెట్టడం అన్నా అదే మాట కదా. పెళ్లికూతురి తండ్రి ముఖం ఎర్రబడింది. అరిచింది నేను కాదు. ఈసారి నిజంగానే నేను కాదు. కానీ నవ్విన వరసలో ఉన్నాను. పెళ్లికొడుకు తల తిప్పి ఆ వరసను చూశాడు.

ఆ పెళ్లయిన ఏడాదికి అతను వర్లిలో అత్తగారి చాల్‌కు మారిపోయాడు. అక్కడ గది పెద్దదని చెప్పాడు. ఆటకు రావడం అంతకుముందే మానేశాడు. తర్వాత ఇన్నేళ్లలో రెండు చావుల దగ్గర కనిపించాడు. చావు దగ్గర మాట్లాడుకునేంతే మాట్లాడుకున్నాం.

ఆ రోజు అబద్ధం చెప్పాక నాకు తెలిసిందేమిటంటే, అది చాలా సులువు. "నేను అనలేదు" అన్న రెండు మాటలు నా నోట్లో ఒక చోటు చూసుకుని స్థిరపడ్డాయి. నా భార్యతో కూడా అంతే. కోపంలో ఏదో ఒక మాట అనేవాణ్ణి. మర్నాడు ఆమె ముఖం మాడ్చుకుని ఉంటే, నేను అట్ల అనలేదే అనేవాణ్ణి. ఒకరోజు ఆమె పొయ్యి మీది గిన్నెను చూస్తూ, "అవు, గోడలే అన్నయి," అంది. నాలుగేళ్ల నుంచి ఆమె కల్యాణ్‌లో మా కూతురి దగ్గర ఉంటోంది. మనవణ్ణి చూసుకోవడానికని అందరికీ చెప్పాం. మనవడు బడికి పోతున్నాడు. ఆమె తిరిగి రాలేదు. గదిలో రెండో కంచం అరలో బోర్లించి ఉంది. దాని మీద దుమ్ము పట్టకుండా వారానికోసారి కడుగుతాను.

లిఫ్ట్‌లో నా పని మాట్లాడకుండా ఉండటం. మనుషులు ఎక్కుతారు, నేను లేనట్టే మాట్లాడుకుంటారు, దిగుతారు. తలుపు మూస్తాను, తెరుస్తాను. ఇన్నేళ్లుగా ఎదుటివాళ్ల మాటలు వింటూ నిలబడితే, ఎప్పుడో ఒకప్పుడు మన మాటలు మనకు వినిపించడం మొదలవుతుంది. నాకు ఎక్కువగా వినిపించేది, నేను అనలేదు అన్న ఆ మాటే.

మా గల్లీ ఫుట్‌బాల్ గ్రూపులో నన్ను ఉంచుకోవడానికి కారణం ఆట కాదు. అందరికంటే ముందు పార్కుకు వెళ్లి, క్రికెట్ వాళ్లు రాకముందే స్థలం పడతాను. పదిమంది లేనప్పుడు నన్నూ ఆడిస్తారు. ఈ మధ్య ఆ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. వర్లి తెలుగు చాళ్ల కుర్రాళ్లు ఆదివారం ఏడింటికి ఫ్రెండ్లీ ఆడదాం రమ్మన్నారు. వాళ్ల చాళ్లు ఖాళీ అవుతున్నాయి. కొందరికి పక్కనే కట్టిన టవర్లలో ఇళ్లిచ్చారు, కొందరు కిరాయికి ఎక్కడెక్కడికో పోతున్నారు. అందరూ చెదిరిపోయేలోపు ఒక ఆట అని రాశారు.

అతను కూడా వెళ్లిపోతాడేమో అనిపించింది. వెళ్లేలోపు చెప్పాలి. బుధవారం నుంచి శనివారం దాకా లిఫ్ట్ పైకీ కిందికీ నడుపుతూ ఆ వాక్యం తయారు చేసుకున్నాను. ఆ రోజు ఇడువని అన్నది నేనే, నీ పేరు చెడగొట్టింది నేనే. ఇంతే. చిన్న వాక్యమే. మూడో అంతస్తు వచ్చేలోపు అయిపోతుంది.

ఆదివారం మావాళ్లు ఎనిమిదిమంది తేలారు. నాతో కలిపి తొమ్మిది. రెండు టాక్సీల్లో ఇరుక్కుని వెళ్లాం. వర్లి పార్కుకు ఒక పక్క పాత చాళ్లు, ఒక పక్క నీలం రేకుల కంచె, ఆ కంచె వెనక కొత్త టవర్లు. చాళ్లలో సగం వరండాల మీద ఆరేసిన బట్టలు లేవు.

మేం తక్కువ ఉండటం చూసి, ఇద్దరిని ఇస్తామని వర్లి కుర్రాడొకడు అన్నాడు. "హమ్ దో దేతే హై. ఆప్‌కా హీ ఆద్మీ హై ఏక్." అని అటు తిరిగి కేకేశాడు. "ఇడువ్ కాకా! ఉన్‌కీ తరఫ్ జా!"

గోల్ దగ్గర వంగి చేతి తొడుగులు కట్టుకుంటున్న మనిషి లేచాడు. జుట్టు మొత్తం తెల్లబడింది. ఎడమ మోకాలికి పట్టీ. నడుస్తూ వచ్చి నా ముందు నిలబడి, పైనుంచి కిందికి చూశాడు.

"ఏం రా, బతికే ఉన్నవా? నీ పొట్ట ముందుగాల దిగింది టాక్సీల నుంచి. నువ్వు ఎన్కకెల్లి దిగినవ్."

"నీ మోకాలు చూస్కో ఫస్ట్," అన్నాను.

"మోకాలుదేముంది. నేను కీపర్. ఉర్కేది నువ్వు. చావకుండ ఉర్కు, ఇక్కడ మోసుకపోయేతందుకు మనుషులు లేరు."

రా అన్నాడు. నవ్వాడు కూడా. నాకు ఒళ్లంతా తేలికైంది. నాలుగు రోజులు తయారు చేసుకున్న వాక్యం అక్కడే చెప్పేస్తే బాగుండేది. ఈల వేశారు.

ఆ మొదటి సగమంతా ఆట కంటే ఆ పిలుపే నాకు ఎక్కువ వినిపించింది. "ఇడువ్ కాకా, ఇధర్." "ఇడువ్ కాకా, లాంగ్ మార్." పిలిచే కుర్రాళ్ల గొంతుల్లో ఎగతాళి లేదు. మామూలుగా, పెద్దవాణ్ణి పిలిచినట్టు పిలుస్తున్నారు. నాకది ఎలా వినిపించిందంటే, నేను రాసిన చెడ్డ మాటను గోడ మీద ఇంకా ఎవరో దిద్దుతూనే ఉన్నట్టు. పిలిచినప్పుడల్లా అతను పలుకుతున్నాడు. ఆ పలకడం నాకు ఇంకా కష్టంగా అనిపించింది.

విరామానికి కాస్త ముందు, ఎత్తుగా ఒక బంతి వచ్చింది. మా ఇద్దరి మధ్యకే. ఈసారి అది నా బంతి. నేను దగ్గరగా ఉన్నాను, అతని మోకాలు లేవలేదు. ఇడువు అని ఒక్క మాట అనాలి. అనలేకపోయాను.  నేను అంటానేమోనని అతను ఆగాడు. అతను అంటాడేమోనని నేను ఆగాను. బంతి ఇద్దరి మధ్య నుంచి దర్జాగా వెళ్లి గోల్‌లో పడింది.

"అంకుల్, ఆవాజ్ తో దో!" మా కుర్రాడొకడు చేతులు చాపాడు. "మూ మే దహీ జమా హై క్యా?"

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. "పెరుగు గాదు, సున్నం," అని తెలుగులో అన్నాడు నాకు మాత్రమే. విరామానికి ఈల వేశారు.

గోడ నీడలో అందరం కూర్చున్నాం. అతను తన సీసాలోంచి నిమ్మకాయ నీళ్లు నాకు ఇచ్చాడు. ముందు నాకు ఇచ్చి, తర్వాత తాను తాగాడు. ఇప్పుడు చెప్పాలి అనుకున్నాను. అప్పుడే నాకు ఇంకో ఆలోచన వచ్చింది. తెలుగులో చెబితే అతనికి తప్ప ఎవరికీ అర్థం కాదు. మా కుర్రాళ్లకే సగం తెలుగు రాదు, వర్లి వాళ్లయితే మరాఠీనే. ఒకప్పుడు అవతలి జట్టుకు తెలియకుండా ఉండటానికి తెలుగు మాట్లాడాం. ఇప్పుడు తప్పు ఒప్పుకోవడానికి కూడా అదే చాటు వాడుకుంటే అది ఒప్పుకోవడమేనా? పదిమందిలో పోగొట్టిన పేరును పదిమందిలో తిరిగి ఇవ్వాలి. అలా అనుకున్నప్పుడు నేను చాలా మంచివాణ్ణి అయిపోయినట్టు అనిపించింది. ఆ అనిపించడం దగ్గరే నేను ఆగి ఉండాల్సింది.

లేచి నిలబడ్డాను. హిందీలో చెప్పాను. అందరూ వినండి, ఇందాక నేను గొంతు ఎందుకు ఎత్తలేదో చెబుతాను అన్నాను. పాత ఆట గురించి చెప్పాను. ఇడువు అంటే ఛోడ్ అని అర్థమని చెప్పాను. ఆ మాట అన్నది నేనని, అబద్ధం చెప్పానని, అందువల్లే ఈయనకు ఆ పేరు వచ్చిందని, వదిలేసింది ఈయన కాదని చెప్పాను.  అతని వైపు చూడలేదు. కుర్రాళ్ల ముఖాలు చూస్తూ చెప్పాను.

 తర్వాత వర్లి కుర్రాడు అడిగాడు.

"ఏక్ మినట్. ఇడువ్ మత్‌లబ్ ఛోడ్?"

"హా," అన్నాను.

"అరే, మేరే కో లగా కాకా కా నామ్ హై."

"మేరే కో భీ," ఇంకొకడు అన్నాడు. "మై సోచా ఆధార్ కార్డ్ పే భీ యహీ హోగా."

ఒక్కసారిగా నవ్వు లేచింది. చెడ్డ నవ్వు కాదు. కుర్రాళ్లు తమ తెలివితక్కువకు తామే నవ్వుకుంటున్నారు. ఒకడు కడుపు పట్టుకుని గడ్డి మీద వాలిపోయాడు. "తో ఇత్‌నే సాల్ హమ్ కాకా కో ఛోడ్ కాకా, ఛోడ్ కాకా బులా రహే థే?"

ఛోడ్ కాకా. ఆ పేరు నా కళ్లముందే పుట్టింది. నేను చెప్పిన దాంట్లో, అబద్ధం చెప్పింది నేనన్న భాగం ఎవరికీ పట్టలేదు. వాళ్లు పుట్టకముందు ఎవరో ఎవరి మీదో తప్పు నెట్టిన సంగతి వాళ్లకెందుకు? వాళ్లకు దొరికింది ఆ పేరుకు అర్థం.

అప్పుడు అతని వైపు చూశాను. అతను కూడా నవ్వుతున్నాడు. కాని తొడుగు పట్టీ ఊడదీసి కడుతున్నాడు, మళ్లీ ఊడదీసి కడుతున్నాడు.

రెండో సగంలో అతను బంతి పట్టిన ప్రతిసారీ "నహీ ఛోడా!" అని రెండు జట్లూ అరిచాయి. బంతి వస్తుంటే "ఛోడ్ కాకా, మత్ ఛోడ్‌నా" అన్నారు. అతను అన్నీ పట్టాడు. పాత రోజుల్లోలాగే, ఏమీ కానట్టు పట్టాడు. ఒకసారి మళ్లీ మా ఇద్దరి మధ్యకు బంతి వచ్చింది. అతను ఏమీ అనలేదు. నన్ను అననివ్వలేదు. నా భుజాన్ని రాసుకుంటూ వచ్చి తీసుకుని వెళ్లాడు. ఆ ఆట ఎవరు గెలిచారో నాకు ఇప్పుడు గుర్తు లేదు.

ఆట అయ్యాక కుర్రాళ్లు వడాపావ్ బండి దగ్గరికి పోయారు. అతను పార్కు మూలనున్న కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాడు. వెళ్లి పక్కన నిలబడ్డాను.

"తప్పు జేసిన్నా?" అన్నాను.

 మోకాలి పట్టీ విప్పి, పిండి, గోడ మీద పెట్టాడు.

"ఆ దినం అన్నది నువ్వని నాకు ఎర్కలేదా? నా చెవులనే గద పడ్డది."

"నీకు ఎర్కనే. నలుగురికి తెల్వాలెనని..."

"ఏ నలుగురికి? గోడ మీద కూసున్నోళ్లల్ల ఎంతమంది ఉన్నరిప్పుడు? మా నాయిన ఉన్నడా? మా మామ ఉన్నడా? పెండ్లిల ఆయన మొకం సూసినవ్ గద నువ్వు." కుళాయి కట్టేశాడు. "ఈడికొచ్చినంక పదేండ్లు ఆ పేరంటే మండేది నాకు. నా మొకాన్నే అంటున్నరని ఒకణ్ణి కొట్టిన గూడ. తర్వాత ముసలోళ్లు పోయిండ్రు. పోరగాండ్లకు తెలుగు రాదు. పిల్సుడు పిలుస్తరు గని, ఏం పిలుస్తున్నరో వాళ్లకు తెల్వది. నా మన్మరాలుకు బడిల తాత పేరు అడిగితే ఇడువ్ అని రాసొచ్చింది. ఆ దినం నాకు నవ్వొచ్చింది. మంచిగనిపించింది. అర్థం పోయింది రా దానికి. ఒట్టి పేరు మిగిలింది. నా పేరే అయింది."

అతను గోడ మీది పట్టీ తీసుకుని మడవడం మొదలుపెట్టాడు.

"నీ గుండెల బరువు దించుకున్నవ్. మంచిదే. ఏడ దించుతున్నవో సూస్కోవాలె గద."

ఆ మాటకు నేను తల వంచుకుని ఉంటే సరిపోయేది. తప్పయింది అంటే సరిపోయేది. కాని ఇన్నేళ్ల అలవాటు ముందుగా నోటికి వచ్చేసింది.

"నేను గట్ల కావాలని అనలె."

అన్నాక నాకే వినిపించింది. అతనికీ వినిపించింది. పట్టీ మడుస్తున్న చేతులు ఆగాయి. నన్ను ఆ పాత ఆదివారం చూసినట్టే చూశాడు. తర్వాత ఆ చూపు కూడా పోయింది. దారిలో ఎవరైనా అడ్రసు అడిగితే చూసేలాంటి మర్యాద వచ్చింది ముఖంలోకి.

"సరే," అన్నాడు. "మీరు బస్సుకు పోతరా? స్టాప్ అటు దిక్కున్నది. రోడ్డు దాటాలె."

మీరు అన్నాడు. మాలో ఒక వరండా మీద పెరిగినవాళ్లు ఒకరినొకరు మీరు అనుకోరు. పెళ్లిలో అందరి ముందు నేను నవ్విన రోజు కూడా అతను నన్ను ఆ మాట అనలేదు. పొద్దున నా పొట్ట మీద జోకు వేసిన మనిషి, రా అని పిలిచిన మనిషి, నేను అడగకుండానే ఎప్పుడో నన్ను క్షమించేసి ఉన్నాడని అప్పుడు అర్థమైంది. నేను ఏం ఇవ్వడానికి వచ్చానో అది అతను తానే సంపాదించుకుని పెట్టుకున్నాడు. నేను దాన్ని ఊడదీసి పోతున్నాను.

"అవునండి, బస్సే," అన్నాను. అతను తల ఊపి, చెప్పులు వేసుకుని, చాళ్ల వైపు నడిచి వెళ్లాడు. మా కుర్రాళ్లు టాక్సీలో చోటుందని పిలిచారు. పనుందని చెప్పి పంపేశాను. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. నా పక్క సీటు కామాటిపుర దాకా ఖాళీగానే ఉంది.

సాయంత్రం గ్రూపులో ఎవరో ఫోటో పెట్టారు. అతను గాల్లోకి లేచి బంతి పట్టుకున్న ఫోటో. కింద, "ఛోడ్ కాకా నే నహీ ఛోడా" అని రాసి, నవ్వే బొమ్మలు పెట్టారు. వాటి కింద ఇంకా నవ్వే బొమ్మలు. ఆయన్ను అలా పిలవకండి అని టైపు చేశాను. అతని అసలు పేరు టైపు చేశాను. పంపే ముందు ఆగాను. నేను ఏం రాసినా అది ఇంకో పదిమంది నోళ్లలో పడుతుంది. ఒక్కొక్క అక్షరమే చెరిపేశాను. ఆ రోజు నేను చేసిన పనుల్లో తప్పు కానిది అదొక్కటే అనుకుంటాను.

తర్వాతి ఆదివారం ఎప్పటిలాగే వెళ్లి పార్కులో స్థలం పట్టాను. మావాళ్లే రెండు జట్లుగా ఆడారు. నన్ను బ్యాక్‌లో నిలబెట్టారు. నా వెనక గోల్‌లో మా గల్లీ కుర్రాడు, తెలుగు ముక్క రానివాడు. ఎత్తుగా బంతి వచ్చింది. నేను తలెత్తి చూస్తూ వెనక్కి నడిచాను. ఆలోచించకుండానే, గట్టిగా, "ఇడువు" అన్నాను.

ఆ కుర్రాడికి అది మాటలా వినిపించలేదు. నేను దెబ్బ తగిలి మూలిగానేమో అనుకున్నాడట. నా వైపు చూశాడు. చూడటంలో బంతి వదిలేశాడు. నేను ఎగిరాను గానీ అందలేదు. అది మా ఇద్దరినీ దాటి గోల్‌లోకి పోయింది.

మావాళ్లు నడుములకు చేతులు పెట్టుకుని నిలబడ్డారు. "కౌన్ చిల్లాయా బే?" అని దూరం నుంచి ఒకడు అడిగాడు.

కుర్రాడు నా వైపు చూశాడు. నేను చెయ్యి పైకెత్తాను. "మై," అన్నాను. వినిపించలేదేమోనని ఇంకోసారి అన్నాను. "మైనే బోలా. ఇస్‌కీ గల్తీ నహీ."

అప్పటికే అందరూ సెంటర్ వైపు నడుస్తున్నారు. ఎవరూ వెనక్కి తిరగలేదు. ఒకడు మాత్రం నడుస్తూనే, "ఠీక్ హై అంకుల్, ఫ్రెండ్లీ హై," అన్నాడు. నేను గోల్‌లోంచి బంతి తీసుకొచ్చి వాళ్ల వైపు తన్నాను.